మా బావ కుడికాలు

మా బావ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా దారిన పోయేవాళ్ళ ప్రాణాలన్నీ ఆయన కుడికాలి మీదే. ఆ కాలికి మాత్రం డ్యూటీ దిగడం తెలియదు. అన్నం దగ్గర మా అక్క గ్లాసును కాస్త చివరకు పెట్టినా చాలు, బల్ల కింద నేలను తొక్కేస్తుంది. నిద్రలోనూ అదే వరస. తన్నులు తిని తిని చివరికి మా అక్క దిండు చంకన పెట్టుకుని ముందుగదిలోకి మారింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఒకే ఇంట్లో చెరో గది పాలయ్యారు.

"పోట్లాడుకుని విడిపడినా బాగుండేదిరా. ఎవరో ఒకరు సర్దిచెప్పేవారు" అంది ఓసారి. నవ్వుతూనే అంది గాని, పీక్కుపోయిన ఆ మొహం చూడలేకపోయాను.

బావని డాక్టరుకు చూపిస్తే ఆయన మందేమీ రాయలేదు. ఆరుబయట మనసు మళ్ళే వ్యాపకం ఏదైనా పెట్టుకోమన్నాడు.

నాకు సైకిలు పిచ్చి. ఆదివారం వస్తే మా జట్టుతో గుట్టదారి పట్టాల్సిందే. ఒళ్ళు అలిస్తే నిద్ర దానంతట అదే వస్తుందని నా వాదన. పక్కింటి దర్జీగారిది గాలం పిచ్చి. కుట్టుపని మానేశాక ఆయన రిజర్వాయరు గట్టుకే అంకితమైపోయాడు. "మీ బావ నెమ్మదైన మనిషి. ఆయన్ని ఉరుకులు పెట్టించకు" అన్నాడు. "రోజంతా కూర్చునే ఉద్యోగమే కదండీ, మళ్ళీ కూర్చోబెడతారా?" అన్నాను నేను. మధ్యలో మా బావ నలిగిపోయాడు. "మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి. ఎటు రమ్మంటే అటు వస్తాను" అన్నాడు. పాపం, ఏదో ఒకటి ఎంచుకునే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు.

ముందు నా వంతు. గుట్ట ఎక్కేదాకా బాగానే ఉన్నాడు. దిగేటప్పుడే వచ్చింది తంటా. తన బ్రేకులు నొక్కింది చాలక, ముందు పోతున్నవాళ్ళ మీద కేకలు. "మలుపు, మెల్లగా. అద్దం చూసుకో." సైకిలుకు అద్దమెక్కడిది? మావాళ్ళు నవ్వారు. కిందికి చేరేసరికి ఆయన వడిలిపోయాడు.

"కార్లో అయితే ఒక్కడే తోలతాడురా. ఇక్కడ ఇంతమందిని కాచుకోవాలి" అన్నాడు.

"కాచుకోమన్నదెవరు బావా?" అనేశాను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు.

తర్వాతి ఆదివారం దర్జీగారితో వెళ్ళాడు. అదీ ఏమంత సవ్యంగా మొదలవలేదట. నీళ్ళ మీద బెండు కాస్త కదిలితే చాలు, గాలం లాగేయడమే. చివరికి దర్జీగారే విసిగిపోయి, గాలం కర్ర లాక్కుని గట్టున గుచ్చి, "ఇక్కడ నువ్వు పొరపాటు చేస్తే పోయేది చేప ఒక్కటే. అదీ నీ చేతిలో పోయేలా లేదు. కాసేపు ఊరుకో" అన్నాడట.

సాయంత్రం ఇద్దరూ ఒట్టి చేతులతో వచ్చారు. నేను అక్కావాళ్ళింట్లోనే ఉన్నాను. బావ చొక్కా వీపంతా గడ్డిపరకలు. తప్పు చేసినవాడిలా ఎవరివైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"ఎన్ని పట్టారు బాబాయిగారూ?" అన్నాను ఎగతాళిగా.

"పట్టడం దేవుడెరుగు, గాలమే పోయింది. ఏదో పెద్దదే పడింది, కర్రతో సహా ఈడ్చుకుపోయింది. మీ బావ దాని పక్కనే ఉన్నాడు."

"చూస్తూ ఊరుకున్నాడా?"

"నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం నుంచీ."

మా అక్క వంటింటి గడపలో ఆగిపోయింది. "కాలు కదిలిందా బాబాయిగారూ?"

"లేదమ్మా. చీమలు పాకినా కదల్లేదు. అందుకే గాలం పోతున్నా లేపలేదు."

సైకిలు ఓడిపోయిందని నాకు కాస్త ఉక్రోషంగానే ఉంది. "అయితే ఇక చేపలే ఖాయమన్నమాట" అన్నాను.

అక్క నా మాట వినిపించుకోలేదు. తడిచేత్తోనే కళ్ళు తుడుచుకుని, "వచ్చే ఆదివారం నేనూ వస్తాను" అంది దర్జీగారితో.

"నీకు గాలం వెయ్యడం వచ్చా?" అన్నాను.

"గాలం నాకెందుకురా. ఓ దుప్పటి తెచ్చుకుంటాను. ఆయన పక్కన కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."