నేను మిగుల్చుకున్న రెండు వేలు

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎదురొచ్చే లారీ గీసుకుపోతుందని భయం. దరఖాస్తులో ఒక్క అంకె తప్పు కొడితే ఎవరి పింఛనో ఆగిపోతుందని భయం. ఎమ్మిగనూరులో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పని చేసేదాన్ని కాబట్టి ఈ రెండో భయం రోజంతా ఉండేది. అలాంటి నేను ఇరవై నాలుగేళ్ళ వయసులో గేములు ఆడుకోవడానికి ఒక కంప్యూటర్ కావాలనుకున్నాను. చదువుకని కాదు, ఉద్యోగానికని కాదు, అచ్చంగా కారు రేసులు ఆడుకోవడానికి. ఆ మాట అమ్మ దగ్గర నోరు విప్పి చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సెంటర్‌లో ఓనరు భోజనానికి వెళ్ళినప్పుడు అక్కడి కంప్యూటర్‌లో ఒక పాత రేసు ఆడేదాన్ని. అది ముక్కుతూ మూలుగుతూ నడిచేది. అయినా ఆ అరగంట నాకు దేనికీ భయం ఉండేది కాదు. సందు మలుపు వస్తే సైకిల్ దిగి నడిపించుకుపోయే మనిషిని, అందులో మాత్రం కొండ అంచున బ్రేకు తొక్కకుండా తిరిగేదాన్ని. భయం లేని అరగంట ఎంత బాగుంటుందో భయస్తులకే తెలుస్తుంది.

ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. నాన్న నా ఏడో ఏట పోయాడు. అమ్మ తెల్లవారగానే ఆటో ఎక్కి పెద్దకడుబూరు వైపు చేలల్లో కూలికి పోయేది, పత్తి కాలంలో పత్తి తీయడానికి, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి. కంప్యూటర్ సంగతి చెప్పి, తిట్లకు సిద్ధపడి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నీ సంపాదన, నీ ఇష్టం," అంది అమ్మ. "ఫోన్లో ఆడితే కండ్లు పోతాయంటారు. దాంట్లో ఆడితే పోవా?"

"దాంట్లో బొమ్మ పెద్దగా కనపడతాది మా. కండ్లకు మంచిది," అన్నాను. అది నిజమో అబద్ధమో నాకూ తెలియదు.

మూడేళ్ళ జీతంలో మిగిలింది నలభై ఐదు వేలు. మానిటర్‌తో సహా అన్నీ అందులోనే రావాలి. ఇలాంటి కంప్యూటర్‌ను ఫోనులాగా అట్టపెట్టెలో పెట్టి ఇవ్వరు. ఒక్కో భాగాన్నీ మనమే ఎంచుకుని పేర్పించుకోవాలి. ప్రాసెసర్‌కు తగిన బోర్డు కావాలి, బోర్డుకు తగిన ర్యామ్ కావాలి. ఒకటి తప్పు తెస్తే మిగతావన్నీ ఉండీ పనికిరావు. అది తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. రాసిన జాబితానే మళ్ళీ మళ్ళీ రాసేదాన్ని. ఒక వీడియోలో మంచిదన్న భాగాన్ని ఇంకో వీడియోలో ముట్టుకోవద్దనేవాళ్ళు. ఎవరిని నమ్మాలో తెలియక, ఇద్దరి మాటా విని, ఇద్దరిమీదా అనుమానం పెంచుకునేదాన్ని.

నా మనసంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. బొమ్మను తెర మీద గీసేది అదే. మంచి కార్డు ఉంటే వానలో తడిసిన రోడ్డు మీద బండి లైట్లు మెరవడం కూడా కనపడుతుంది. దానికోసం మిగతా అన్నిచోట్లా కోసుకుంటూ వచ్చాను. పాత మానిటర్ చాలనుకున్నాను, ర్యామ్ సగానికి తగ్గించుకున్నాను. చివరికి జాబితా చేత్తో పట్టుకుని ఆదోని బస్సెక్కాను.

ఆదోనిలో ఆ కంప్యూటర్ షాపు ఒక బట్టల అంగడి మేడమీద ఉంది. షాపాయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. నా కాగితాన్ని పరీక్ష పేపరు దిద్దినట్టు పై నుంచి కిందికి చదివాడు. ఎక్కడ తప్పు పెడతాడోనని నేను ఆయన వేలినే చూస్తున్నాను. వేలు కింది నుంచి రెండో వరస దగ్గర ఆగింది.

"అన్నీ బాగుండాయి. ఈ ఎస్‌ఎంపీఎస్ ఏందమ్మా ఇట్ల రాసినావు?"

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ నుంచి వచ్చే కరెంటును తగ్గించి లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనుప డబ్బా. నేను రాసింది క్యాబినెట్‌తో పాటు చవగ్గా వచ్చేది. ఆయన లోపలికి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. ఒకటి ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది, ఇంకోటి బరువుగా ఉంది.

"లోపల సరుకుంటేనే బరువుంటాది. ఇంకో రెండు వేలు ఏసుకో, ఫికర్ లేకుండా ఉంటాది. కార్డు ఒక మెట్టు తక్కువది తీసుకో."

"కార్డు అదే కావాల అన్నా."

"కార్డు పోతే బొమ్మ రాదు, అంతే. ఇది పోతే ఏమైతాదో సెప్పలేం. మల్ల జిమ్మేదారీ నాది కాదు."

ఆ రోజు నేను భయపడాల్సిన మాట అదొక్కటే. కానీ నాకు పుట్టింది వేరే భయం. ఈయన ఖరీదైన సరుకు అంటగడుతున్నాడు, ఆడపిల్ల ఒక్కతే వచ్చిందని చూసి ఆడిస్తున్నాడు అనుకున్నాను. భయస్తులకు మోసపోతామన్న భయమే అన్నిటికన్నా పెద్దది. బరువైన డబ్బా బల్ల మీద పెట్టేసి, తేలికదే ఇవ్వమన్నాను. ఆయన భాగాలన్నీ బిగించి ఇచ్చాడు. క్యాబినెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, మానిటర్‌ను కాళ్ళ మధ్య ఇరికించుకుని, గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఎమ్మిగనూరు చేరాను.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తెర మీద వెలుగు ఉంది. రెండు వేలు మిగుల్చుకున్న నా తెలివికి నేనే మురిసిపోయాను. అమ్మ పని నుంచి వచ్చి, నా వెనక నిలబడి, వానలో దూసుకుపోతున్న కారును కాసేపు చూసింది.

"ఇంత జోరుగా పోతే ఎద్దు అడ్డం వస్తే ఎట్ల?" అంది.

నెల తిరక్కముందే క్యాబినెట్ తాకితే జివ్వుమనడం మొదలైంది. బండల నేల మీద వట్టి కాళ్ళతో ఉంటే ఇంకా ఎక్కువ. గోడ ప్లగ్గులో మూడో బొక్క వెనక, కారే కరెంటును భూమిలోకి పంపే ఎర్తు వైరే లేదని అప్పుడు తెలిసింది. మా వీధిలో ఎవరి ఇంటికీ ఎర్తు గుంత లేదు. ఫ్రిజ్ కొట్టినా గ్రైండర్ కొట్టినా అందరూ చేసేది ఒకటే, ఒక వైరు తెచ్చి వాకిట్లో కొళాయి పైపుకు కట్టేస్తారు. పైపు భూమిలోకి పోతుంది కాబట్టి కరెంటు కూడా భూమిలోకి పోతుందని లెక్క. పక్కింటి పెద్దమ్మ ఫ్రిజ్ వైరు ఏళ్ళ తరబడి అలాగే ఉంది. నేనూ క్యాబినెట్ వెనక స్క్రూకు ఒక కొస, కొళాయికి ఇంకో కొస చుట్టాను. జివ్వుమనడం ఆగిపోయింది. నా జీవితంలో భయపడకుండా చేసిన పని బహుశా అదొక్కటే.

ఎండాకాలంలో మున్సిపాలిటీ వాళ్ళు వీధంతా తవ్వి, తుప్పు పట్టిన ఇనుప పైపులు తీసేసి ప్లాస్టిక్ పైపులు వేశారు. ప్రతి వాకిట్లో మోకాలెత్తు ఇనుప ముక్కా దానికి కొళాయీ మాత్రం పాతవే ఉంచారు. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళు ఇప్పుడు ధారగా వస్తున్నాయని వీధంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. ఆ ఇనుప ముక్కకు కింద ప్లాస్టికే తప్ప ఇక భూమి అందదన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అమ్మ మొదటిసారి అంది.

"పాపా, సేతులు తిమ్మిర్లు పడతాండాయి. మోసేయి దాకా గుంజుతాది."

"కలుపులో ముండ్లు గీసుకోని ఉంటాయిలే మా," అన్నాను తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే నరాల బలహీనత అని సూది వేసి, ఎర్రటి మాత్రలిచ్చాడు. మాత్రల డబ్బులు నేనే ఇచ్చాను, నా బాధ్యత తీరిందనుకున్నాను. అమ్మలో మాట తగ్గింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి రేషన్ కార్డు ఏ డబ్బాలో ఉందో, గ్యాస్ బుక్కు ఎక్కడ పెట్టిందో చూపించింది. ఇంకోరోజు సంగటి ముద్ద ఎలా కెలకాలో నేర్చుకోమంది. నేను నవ్వి లేచిపోయాను. మా ఇంట్లో నెట్ నెమ్మది కాబట్టి కొత్త గేము డౌన్‌లోడ్ పెట్టి తెల్లవార్లూ కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచేదాన్ని. నీళ్ళు వచ్చేది తెల్లవారుజామున. బిందెలు పట్టేది అమ్మ.

ఒక నీళ్ళ రోజు నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి, అప్పటికే అమ్మ ఆర్‌ఎంపీ దగ్గరికి సూదికి పోయింది. నేను తలస్నానం చేసి, తడి కాళ్ళతోనే బిందె తీసుకుని వాకిట్లోకి వచ్చి కొళాయి పట్టుకున్నాను.

చేతిని ఎవరో లోపలి నుంచి గుంజినట్టయింది. బిందె ఎగిరి అవతల పడింది, నేను ఇవతల కూలబడ్డాను. మోచేయి దాకా మంట. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు, కొళాయికి చుట్టి ఉన్న పచ్చ వైరునే చూస్తున్నాను. అది గుమ్మం పక్క నుంచి లోపలికి, నా గదిలోకి పోతోంది.

లోపలికి పోయి ప్లగ్గు పీకేశాను. టెస్టర్ తెచ్చి కొళాయికి ఆనించాను. వెలగలేదు. మళ్ళీ ప్లగ్గు పెట్టి వచ్చి ఆనించాను. టెస్టర్ లోపలి బల్బు ఎర్రగా వెలిగింది. తిమ్మిర్లు అని అమ్మ అన్న రోజులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను, అన్నీ నీళ్ళ రోజులే. అన్నిసార్లు ఆమె అక్కడ తడి బండ మీద వట్టి కాళ్ళతో నిలబడింది. అన్నిసార్లు నా గేము లోపల దిగుతూ ఉంది. చవక డబ్బా లోపల ఏదో కొద్దికొద్దిగా పాడవుతూ వచ్చింది. ఏ నీళ్ళ రోజైనా అది పూర్తిగా పాడయ్యుంటే, ఆమె చెయ్యి కొళాయికి అతుక్కుపోయుంటే, నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపలే ఉండేదాన్ని. అంతకు ముందు నేను పడ్డ భయాలన్నీ ఉత్తవని, భయం అంటే ఇదని అప్పుడే తెలిసింది.

వైరు విప్పేశాను. దాన్ని చేతిలోనే పట్టుకుని గడప మీద కూర్చున్నాను. అమ్మ చేయి రుద్దుకుంటూ వచ్చింది. పారిపోవాలనిపించింది. చెప్పకుండా దాచి, వైరు పారేసి, మాత్రల వల్లే తగ్గిందని ఆమెను నమ్మించవచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. అబద్ధమెందుకు, బలంగానే వచ్చింది. కానీ ఆమె చేతి మీద సూది పోటుకు పెట్టిన దూది కనపడింది. మొత్తం చెప్పేశాను, తేలిక డబ్బా సంగతి, షాపాయన చెప్పిన మాట, పైపు కింద ప్లాస్టిక్ సంగతి, అంతా.

చెంప మీద కొడుతుందని చూశాను. అమ్మ నా పక్కనే కూలబడింది.

"అయితే నాకు పక్షవాతం కాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ అవ్వకు ఇట్లనే మొదలైంది. సేతులు తిమ్మిర్లు పడతాండె, మల్ల ఒక పక్కంతా పడిపోయింది. ఆరేండ్లు మంచంలోనే ఉండె. రెండు నెల్ల నుంచి పొద్దున లేస్తూనే కాలు కదిలిచ్చి సూసుకుంటాండా. నేను పడిపోతే నీకు ఎవరుండారు? నీకు సెప్తే బయపడతావని సెప్పలేదు."

తర్వాత ఆమె నవ్వింది. గోడ మీంచి పక్కింటి పెద్దమ్మను పిలిచి, "నాకేం రోగం లేదంటక్కా. ఉట్టి కరెంటంట," అని చెప్పింది. నేను ఆమెను చంపబోయాను, ఆమె రోగం లేదని సంబరపడుతోంది. ఆ సంబరం చూడలేక ఏడ్చాను. అమ్మే నన్ను లేపి వీధిలోకి తీసుకుపోయి, "ఈ మాట అందరికీ సెప్పు," అంది. ఇల్లిల్లూ తిరిగి కొళాయిలకు కట్టిన వైర్లు విప్పించాం. మర్నాడు ఆదోని పోయి గ్రాఫిక్స్ కార్డు తిరిగిచ్చి, ఒక మెట్టు తక్కువ కార్డూ బరువైన డబ్బా రెండూ తీసుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఎర్తు కడ్డీ దింపాడు.

మళ్ళీ నీళ్ళ రోజు వచ్చింది. టెస్టర్ పెట్టి రెండుసార్లు చూశాను, వెలగలేదు. అయినా చెయ్యి ముందుకు పోలేదు. తప్పు నాది కాబట్టి ముందు నేనే పట్టుకోవాలని గుండె చిక్కబట్టుకుంటున్నాను. అంతలో అమ్మ బిందె దించి, నా భుజం పట్టి పక్కకు నెట్టింది.

"జరుగు పాపా," అంది కొళాయి మీద చెయ్యి వేస్తూ. "నాకైతే అలవాటే."