బావ చేని అల్యూమినియం

క్యాతగానచెర్లు దగ్గర మా బావ చేలన్నీ సోలార్ పలకల కిందికి వెళ్ళాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. మట్టి రేసులకని పాత కారొకటి కొన్నాడు. ఆ కారొచ్చాకే మళ్ళీ పొద్దున్నే లేవడం మొదలుపెట్టాడు. పావగడలో లేతు పని చేసుకునే నేను దానికి మెకానిక్కునయ్యాను.

నిమిషానికి ఏడు వేల చుట్లు దాటితే ఇంజన్ తడబడేది. వాల్వ్ స్ప్రింగును పైనుంచి పట్టి ఉంచే చిన్న బిళ్ళను రిటైనర్ అంటారు. మాది ఉక్కుది, బరువు. అది తేలికైతే వాల్వు వేగాన్ని అందుకుంటుంది. టైటానియంవి తెప్పిద్దామన్నాను. బావ వినలేదు. పలకలు నిలబెట్టినప్పుడు తన చేలో మిగిలిపోయిన అల్యూమినియం కడ్డీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"మా చేన్లో దొరికిందప్పా. దీంతోనే చెయ్యి."

రేసులకు వాడే గట్టి అల్యూమినియం వేరని నాకు తెలుసు. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. పైగా నా పనితనం మీద నాకు కాస్త పొగరు. ఎనిమిది వాల్వులకు ఎనిమిది బిళ్ళలూ కొత్త రూపాయిల్లా తళతళలాడేట్టు తీశాను.

రేసు ముందు రోజు సాయంత్రం పలకల మధ్య దారిలో తోలాం. రెండు పక్కలా కనుచూపు మేర నీలం. దానిలో తేలిపోతున్నట్టే ఉంది. ఇంజన్ ఎనిమిది వేలకు పోయి సన్నగా పాడింది. బావ నవ్వుతున్నాడు. ఆ దారి అయిపోకూడదని నాకెంతగా అనిపించిందో.

తిరిగొచ్చి ఇంజన్ మూత విప్పాను. స్ప్రింగు ప్రతి బిళ్ళనూ గుండ్రంగా కొరికేసింది. ఆయిల్లో మెరిసే పొడి. బిళ్ళ పగిలితే వాల్వు పిస్టన్ మీద పడుతుంది, ఇంజన్ ఇక పనికిరాదు. ఇంకో ఇంజన్ కొనే శక్తి బావకు లేదు.

"రేపొక్క దినం తట్టుకోదా?"

"తట్టుకోదు బావా. పాత ఉక్కువే వేస్తా. గెలిచేది ఉండదు."

బావ లేచి వెళ్ళిపోయాడు.

మరునాడు చివరి నుంచి రెండోవాళ్ళం. అయినా ఆ కారులోనే ఇంటిదారి పట్టాం. పలకల కంచె పక్కన బావ బండి ఆపాడు.

"చేను సోలారోళ్ళకిస్తా సంతకం పెట్టిన పొద్దు వద్దని చెప్పినోడు ఒక్కడూ లేడప్పా. నిన్న నువ్వు చెప్పినావు."

నేను కంచె వైపు చూశాను. ఆ రోజు ఆయన పక్కన కూర్చుని పెన్ను అందించింది నేనే.