హజ్రా బీ చూసిన కుట్లు

మా అత్త హజ్రా బీ మొండిఘటం. క్లోమంలో గడ్డ ఉంది, తీయకపోతే ప్రాణానికే ముప్పు అని గుంటూరు డాక్టరు చెబితే, "కీహోల్ అయితే చేయించుకుంటా. పొట్ట కోస్తానంటే మాత్రం ఒప్పుకోను" అని భీష్మించుకు కూర్చుంది.

డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్‌లో నొప్పి తక్కువ, త్వరగా ఇంటికెళ్తారు, నిజమే. కానీ మీ గడ్డ పెద్ద రక్తనాళానికి అంటుకుని ఉందమ్మా. మీ విషయంలో పొట్ట తెరిస్తేనే పూర్తిగా తీయగలను. ఆలస్యమైతే అదీ కుదరదు."

ఆమె కొంగు సర్దుకుని లేచి వచ్చేసింది. పిడుగురాళ్ల బస్సులో దారంతా నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకొద్దో చెప్పదు. మా ఆయన ఆదిల్ కాళ్ళు పట్టుకున్నా చెప్పలేదు.

నాకు మాత్రం తెలుసు. మా పేటలో ఆడవాళ్ళెవరు పోయినా గుసుల్, అంటే ఖననానికి ముందు స్నానం, ఇరవై ఏళ్ళుగా అత్తే చేయిస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి పక్కన నీళ్ళు పోసేది నేను. అక్కడ చూసింది బయట చెప్పకూడదు. ఇప్పుడు చెప్తున్నందుకు అల్లా క్షమించాలి, పేర్లయితే చెప్పను. పొట్ట మీద నిలువునా కుట్లున్న ముగ్గురిని మేమిద్దరం కడిగాం.

మర్నాడు ఎదురింటి సరస్వతమ్మ పెద్దమ్మను పిలుచుకొచ్చాను. పదకొండేళ్ళ కిందట ఆమెకు పేగు ఆపరేషన్ అయింది. తలుపు వేసి, సిగ్గుపడకుండా చీర పక్కకు తీసింది. రొమ్ముల కింద నుంచి బొడ్డు దాటేదాకా మచ్చ.

"చూడవే హజ్రా, బాగా చూడు. నేను చచ్చానా?"

అత్త ఆ మచ్చను వేలితో తడిమింది. చాలాసేపు వేలు తీయలేదు.

"అత్తా, మన దగ్గరికొచ్చింది పోయినోళ్ళే. బతికినోళ్ళ పొట్టలు మనకెవరు చూపిస్తారు?" అన్నాను.

"చానా భయంగా ఉందే ఫర్హీన్" అంది. ఆమె నోటివెంట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చిందనీ, అయినా మందులు వాడాలనీ, మళ్ళీ రాదని హామీ ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు.

పదో రోజు అత్త ఒళ్ళు తుడవడానికి తడిగుడ్డ నేనే తీసుకున్నాను. కుట్ల చుట్టూ మెల్లగా తుడిచాను. గుసుల్‌లో ఎంతమందికి నీళ్ళు పోశాను, ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

"ఏందే, నీళ్ళు మరీ ఇంత చల్లగానా!" అని అత్త కసిరింది.

వార్డంతా చూస్తుండగా భోరున ఏడ్చాను.