కప్పీ ఎందుకు పగిలింది

పంతొమ్మిది వందల అరవైల్లో మైపాడు పడవలకు అల్యూమినియం కప్పీలు పోయడంలో నన్ను మించినవాడు లేడని అందరికీ చెబుతుంటాను. కానీ పని త్వరగా సాగుతుందని ఇసుక అచ్చులు మానేసి ఇనుప అచ్చు చేయించాక, పోసిన ప్రతి కప్పీ పగిలింది. ఇలాగే పగిలితే కొలిమి మూసేయాల్సిందే.

ఒకరోజు బిట్రగుంట స్టేషన్లో రైలు కోసం చూస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దాయనెవరో నా చేతిలోని పగిలిన కప్పీని తీసుకుని చాకుతో గీకి చూశాడు.

"ఏం కరిగించి పోసినావు నాయనా?"

"మద్రాసు నుంచి తెప్పించిన కొత్త కడ్డీలండీ," అన్నాను దర్జాగా.

"కడ్డీలా? ఇంత మెత్తగా ఉంది, ఇంట్లో గిన్నెలు కరిగించినావు గదా!"

నవ్వుతూ నా వేలిని పిడికిట్లో బిగించాడు. "లాక్కో చూద్దాం." ఎంత లాగినా రాలేదు.

"చల్లారేటప్పుడు లోహం ఇట్లాగే లోపలి అచ్చును బిగించి కుంచించుకుంటుంది. ఇసుకైతే సర్దుకుంటుంది, ఇనుము సర్దుకోదు. ఆ పట్టుకు గిన్నెల లోహం చీలిపోతుంది. పాత లారీ పిస్టన్లు కరిగించు. వాటిలో సిలికాన్ ఉంటుంది, అంతగా కుంచించుకోదు."

వేలు వదిలి రైలెక్కేశాడు. ఆయన పేరైనా నేను అడగలేదు.

ఆ తర్వాత ఒక్క కప్పీ పగల్లేదు. పిస్టన్ల ఉపాయం నా బుర్రలో పుట్టిందేనని నలభై ఏళ్ళు చెప్పుకున్నాను. అది ఆయనది. నావంటూ ఉన్నవి ఆ పగిలిన కప్పీలే అందామంటే, వాటికి కరిగించిన గిన్నెలు కూడా మా ఆవిడవే.