ఔటర్‌లో ఆగిన బండి

ఆ ఆదివారం సాయంత్రం జగ్గయ్యపేటలో, మా మామయ్య ఇంటి ముందు గదిలో ఉన్నవి ఇవి. రెండు బెంచీల మీద పరిచిన పాత పెరటి తలుపు ఒకటి. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఇత్తడి రైలు పట్టాలు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో దొరికిన బొమ్మ ఇంజను ఒకటి, పెట్టెలు రెండు. కారు బ్యాటరీ ఒకటి. గోనెగుడ్డతో చేసిన కొండ, అద్దం ముక్కతో చేసిన చెరువు, అట్టతో చేసిన స్టేషను. మనుషులం నలుగురం: మామయ్య, అత్తయ్య, పక్కింటి టీచరమ్మ గారు, నేను. టైము నాలుగు దాటింది. నాలుగు ఇరవై కాగానే మామయ్య లేచి కోటు తొడుక్కుంటాడని ఆ గదిలో అందరికీ తెలుసు.

మామయ్య కాజీపేట లైనులో చిన్న చిన్న స్టేషన్లకు మాస్టరుగా పనిచేసి, రిటైరై సొంత ఊరు చేరాడు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత ఒక్కొక్కటే మర్చిపోవడం మొదలుపెట్టాడు. మొదట చుట్టాల పేర్లు పోయాయి. తర్వాత తిన్న అన్నం. చివరికి ఒక్కటి మాత్రం గట్టిగా మిగిలింది: నాలుగు ఇరవై ప్యాసింజరు. ఆ బండి ఆగే స్టేషను అక్కడికి ఎన్నో మైళ్ళ దూరం. అయినా ఆ వేళకు కోటు తొడుక్కుని, ఆకుపచ్చ జెండా చంకలో పెట్టుకుని, చిల్లకల్లు రోడ్డు పట్టేవాడు. ఆ రోడ్డు హైదరాబాదు రోడ్డులో కలుస్తుంది. లారీలు ఆగవు.

ఒకసారి ఒక లారీ డ్రైవరు ఆయన్ని క్యాబిన్లో కూర్చోబెట్టుకుని తెచ్చి దింపాడు. "పెద్దాయన్ని ఇంట్లో పెట్టుకోండమ్మా. నడిరోడ్డు మీద నిలబడి నాకు జెండా చూపించాడు. బ్రేకు పడబట్టి సరిపోయింది" అని చెప్పి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడట.

తాళం వేయమన్నారు చాలామంది. అత్తయ్య ఒక రోజు వేసింది. చీకటి పడేదాకా ఆయన తలుపు బాదుతూ, "బండొచ్చేస్తంది, జనం దిగాలి, తలుపు తియ్యండి" అని ఏడ్చాడు. ఆ తర్వాత ఆవిడ తాళంకప్ప తీసి అటక మీద పడేసింది.

నేను అప్పటికి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి నందిగామలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు బస్సెక్కి వచ్చి చూసి పోయేవాణ్ణి. అట్లా వచ్చినప్పుడు అత్తయ్య అడిగింది.

"బండే ఇంటికొస్తే ఆయన ఎదురెళ్ళక్కర్లేదుగా. కరెంటు చదువు చదివావు, ఒక రైలు చెయ్యలేవురా?"

నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

మద్రాసు వెళ్తున్న స్నేహితుడికి చెప్పి ఇంజను, పెట్టెలు తెప్పించాను. పట్టాలు దొరకలేదు. ఇత్తడి బద్దలు కొని, సన్న టేకు పుల్లలకు బిగించి నేనే చేసుకున్నాను. పని సులువే. రెండు పట్టాల్లో ఒకటి బ్యాటరీ ప్లస్సు, ఒకటి మైనస్సు. చక్రాలు ఆ కరెంటును తీసుకుని లోపలి మోటారుకు ఇస్తాయి. తలుపుకు కంతలు పొడిచి, అడుగు నుంచి వైర్లు లాగాను. వెలుపలి పట్టాకు ఎర్ర వైరు, లోపలి పట్టాకు నల్ల వైరు. వేగం తగ్గించడానికి హీటరు కాయిలు ముక్కను పింగాణీ గొట్టానికి చుట్టి పెట్టాను. స్టేషనుకు ముందు, బండిని బయటే ఆపే ఔటర్ సిగ్నలు చోట, ఒక పట్టాను రెండు చోట్ల రంపంతో కోసి, ఆ ముక్కకు వేరే వైరు ఇచ్చి, సిగ్నలు రెక్కకు కలిపాను. రెక్క అడ్డంగా ఉంటే ఆ ముక్కలో కరెంటు ఉండదు, బండి అక్కడే ఆగుతుంది. రెక్క దించితే కదులుతుంది. రెక్క దించే మీట మామయ్య కుర్చీ పక్కన పెట్టాను.

వైరింగు నాది. చుట్టూ ఊరు, కొండ, చెట్టు, చేను అన్నీ ఆడవాళ్ళవి. అత్తయ్యకు బొమ్మల కొలువు పెట్టి అలవాటు. టీచరమ్మ గారికి ఏటా క్రిస్మసుకు చర్చిలో ఏసు పుట్టిన పశువుల పాక కట్టి అలవాటు. కొండ దగ్గర ఇద్దరికీ పడలేదు.

"కొండంటే ఇటికలు పేర్చి ఇసక పొయ్యాలమ్మా. మా అమ్మ అట్టాగే చేసేది" అంది అత్తయ్య.

"ఇటికలెడితే తలుపు విరుగుద్ది పిన్నిగారూ. గోనెగుడ్డ ఎర్రమట్టిలో ముంచి డబ్బాల మీద కప్పండి. ఆరిందంటే రాయే" అన్నారు టీచరమ్మ గారు.

"మీ కొండల మీద గొర్రెలుంటాయిగా. మా స్టేషను దగ్గర మేకలుండేయి."

"దాందేముంది, మా గొర్రెలకే కొమ్ములంటిద్దాం. మీ ఆయన లెక్కెడతారా ఏంటి?"

గోనెగుడ్డ కొండే నిలిచింది. దాని మీద ఆవాలు చల్లి మొలకలు తెప్పిస్తానని అత్తయ్య పట్టుబట్టింది. కొలువులో అట్లాగే పెడతారట, రోజూ నీళ్ళు చిలకరించి. పట్టాల పక్కన నీళ్ళు వద్దని నేను పట్టుబట్టాను. చివరికి సీసా మూతల్లో మట్టి పోసి ఆవాలు వేసి, నీళ్ళకు పెరట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెట్టేట్టు ఒప్పందం కుదిరింది. మిగతా చేలకు రంపపు పొట్టును ఆకుపచ్చ రంగులో నానబెట్టి ఎండబెట్టి చల్లారు. చెట్లకు ఎండిన గోరింట కొమ్మలు. స్టేషను వెనక క్వార్టర్సు, దాని మీద బచ్చలి పందిరి, ముందు పంపు, అన్నీ అత్తయ్య జ్ఞాపకం నుంచి వచ్చాయి. ఆ క్వార్టర్సులో వాళ్ళు చాలా ఏళ్ళున్నారు.

ఇదంతా జరుగుతుంటే మామయ్య కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఒకసారి మాత్రం లేచి వచ్చి, ప్లాట్‌ఫారానికి ఇవతల ఉన్న వేపచెట్టును పీకి, అవతల పంపు పక్కన గుచ్చి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

అత్తయ్య వెళ్ళి ఆ చెట్టును నిటారుగా సర్దింది. "అవునురా, అటే ఉండేది. నేనే మర్చిపోయా" అంది.

ఇక మొదట చెప్పిన ఆదివారం. మధ్యాహ్నం బస్సు ఆలస్యమై, నేను నాలుగవుతుండగా ఇల్లు చేరాను. ఇంజను నుదుట కుంకుమ బొట్టు ఉంది. ముచ్చటేసింది. బ్యాటరీ కలిపి, బండిని ఔటర్ సిగ్నలు ముక్కలో నిలిపి, ఎదురు చూశాం. గడియారం నాలుగు ఇరవై చూపించింది. మామయ్య లేచాడు.

"మామయ్యా, బండి వచ్చింది, సిగ్నలివ్వు" అన్నాను.

ఆయన మీట నొక్కాడు. రెక్క దిగింది. బండి కదల్లేదు.

బండి కదలకపోతే చూడవలసినవి వరసగా చూశాను: బ్యాటరీ కొసలు, కాయిలు, రెక్క దగ్గర స్విచ్చు, తలుపు కింద ప్రతి అతుకు. చిన్న బల్బు తెచ్చి వైర్ల కొసలకు పెడితే వెలిగింది. పట్టాలకు పెడితే వెలగలేదు. వైర్లు పట్టాలకు అంటి ఉన్నాయి. పట్టాల్లో కరెంటు లేకుండా ఎట్లా ఉంటుంది?

మామయ్య అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"బండేదే?"

"వస్తందండీ, కూర్చోండి."

"నాలుగిరవై దాటింది. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. నేను పోతన్నా." జెండా చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. టీచరమ్మ గారు లేచి ఆయనకు అడ్డంగా నిలబడబోయి, ఏం చెయ్యాలో తోచక ఆగిపోయారు.

అత్తయ్య ఉన్నట్టుండి గట్టిగా అంది: "ఔటర్లో ఆగిందటండీ! పక్క స్టేషను నుంచి లైన్ క్లియర్ రాలేదట!"

ఆయన గుమ్మంలో ఆగాడు. "ఎవరు చెప్పారు?"

"మీ మేనల్లుడే."

"ఏరా, నిజమేనా?"

తలుపు కింద నుంచి తల బయటపెట్టి చూశాను. బండి సరిగ్గా ఔటర్ సిగ్నలు దగ్గరే ఉంది. "నిజమే మామయ్యా. ఔటర్లోనే నిలబడిపోయింది."

ఆయన వెనక్కి వచ్చాడు. ముందు మీట పైకెత్తి రెక్కను అడ్డంగా పెట్టాడు. "లైన్ క్లియర్ లేకుండా సిగ్నలివ్వమంటావేంట్రా? ఉద్యోగం ఊడుద్ది." తర్వాత కుర్చీలో కూర్చుని, జెండా ఒళ్ళో పెట్టుకున్నాడు. "బండి ఔటర్లో ఉండగా మాస్టరు స్టేషను వదిలి కదలకూడదు. ఆ మాత్రం తెలీదా మీకు?"

"తెలీదండీ" అన్నారు టీచరమ్మ గారు, ఎంతో వినయంగా.

నేను పట్టాను వేలితో రుద్ది చూశాను. వేలు పచ్చగా అయింది.

"అత్తయ్యా, పట్టాలకేం చేశావు?"

"ఏం చెయ్యలేదే. కొత్త బండి కదా, ఒట్టిగా ఎట్టా నడుపుతాం? పొద్దున్నే తలంటుకుని పసుపు రాసా. గడపకి రాసినట్టే, కొస నుంచి కొస దాకా రాసా. ఒక్క జానెడు కూడా వదల్లేదు."

ఇత్తడి మీద పసుపు కనబడదు. ఎండిన పసుపు పూతలో నుంచి కరెంటు పోదు. బండికి అడ్డం ఏమిటో తెలిసింది.

"చింతపండు తేనా మరి? ఇత్తడేగా" అంది అత్తయ్య, మొహం చిన్నబుచ్చుకుని.

"చింతపండొద్దు. కిరసనాయిలు గుడ్డ తే."

ముగ్గురం కూర్చుని పట్టాలన్నీ తుడిచేసరికి దీపాల వేళయింది. అంతసేపూ మామయ్య కుర్చీలోంచి కదల్లేదు. అత్తయ్య నోటితోనే "లైన్ క్లియర్ వచ్చిందండీ" అంటే రెక్క దించాడు. బండి ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చింది. జెండా ఊపాడు. బండి వెళ్ళింది. "రాత్రయిపోయిందే" అంటూ కోటు విప్పి, కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

గెలిచాననుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి ఉండిపోయాను. నాలుగు ఇరవైకి బండి ఏ లోపం లేకుండా నడిచింది. మామయ్య సిగ్నలు ఇచ్చాడు, జెండా ఊపాడు, "రైట్ టైము" అన్నాడు. నేను వైర్లు సర్దుకుంటుంటే ఆయన కోటుతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు. పరిగెత్తాను. చిల్లకల్లు రోడ్డు మలుపులో, బడి నుంచి వస్తున్న టీచరమ్మ గారు ఆయన జబ్బ పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్క నుంచి లారీ దుమ్ము రేపుకుంటూ పోతోంది.

"డ్యూటీ అయిపోయింది. క్వార్టర్సుకు పోతన్నా" అంటున్నాడు ఆయన.

ఇంటికి తెచ్చి కూర్చోబెట్టాక నేను తలుపు ముందు కూలబడ్డాను. మోటారు బాగుంది, వైరింగు బాగుంది, ఇంకేం చెయ్యాలో తోచలేదు. అత్తయ్య బియ్యం ఏరుతూ ఏరుతూ అంది:

"నిన్న రాని బండి కూర్చోబెట్టింది. ఇవాళ వచ్చిన బండి లేపింది. మళ్ళీ పసుపు రాయనా?"

నవ్వుతూ అంది గానీ ఆ మాట నిజం. ఆయన్ని ఇంట్లో ఉంచేది బండి కాదు, ఇంకా రాని బండి. చీకటి పడి వీధి తలుపు గడియ వేసే వేళ దాకా దాన్ని ఔటర్లో ఆపగలిగితే చాలు. ఆపడానికి ఆయనకంటే నమ్మకమైన మనిషి లేడు. లైన్ క్లియర్ రానిదే ఆ రెక్క దించడు.

సెలవు ఇంకో రోజు పెంచుకుని, మర్నాడు పొద్దున బజారుకెళ్ళి కరెంటు బెల్లు ఒకటి కొన్నాను. దాన్ని మామయ్య కుర్చీ వెనక గోడకు బిగించి, వైరు వంటింటి దాకా లాగి, ఉప్పుజాడీ పక్కన నొక్కుడు స్విచ్చు పెట్టాను. పక్క స్టేషను నుంచి లైన్ క్లియర్ ఇక ఆ బెల్లుతో వస్తుందని మామయ్యకు చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయనకు అది కొత్త సంగతి కాదు.

అప్పటి నుంచి ఆయన నాలుగు ఇరవైకి కోటు తొడుక్కుని రెక్క పక్కన కూర్చునేవాడు. అత్తయ్య పొయ్యి వెలిగించి, కూర దించి, అన్నం వార్చి, దీపం పెట్టి, వీధి తలుపు గడియ వేసి, అప్పుడు నొక్కేది. ఈలోగా అడిగితే ఏదో ఒకటి చెప్పేది. ఆదివారాలు నేనూ వినేవాణ్ణి.

"ఇంత లేటేంటే?"

"గూడ్సు దాటతందటండీ."

"నిన్నా గూడ్సేగా?"

"ఇవాళ గేదె అడ్డం పడిందట."

"దానికి దెబ్బ తగల్లేదుగా?"

"లేదండీ. తోలేశారు."

"మంచిపని చేశారు" అని జెండా సరిగ్గా మడుచుకున్నాడు.

బెల్లు మోగేది. రెక్క దిగేది. బండి వెళ్ళాక ఆయన, "క్వార్టర్సేవే?" అనేవాడు. "ఇదేగా, అన్నం వడ్డించా" అనేది అత్తయ్య. ఎదురుగా బచ్చలి పందిరి కింద ఆవ మొలకలు, కొమ్ములంటించిన గొర్రెలు. ఆయన వాటి వైపు చూసి, సరేనని లేచేవాడు.

మామయ్య మళ్ళీ ఒంటరిగా రోడ్డెక్కలేదు. ఆయన పోయేదాకా పట్టాలు, మోటారు, తలుపు కింద వైర్లు నేను వేసినవి వేసినట్టే ఉన్నాయి. వంటింటి స్విచ్చు మాత్రం అరిగిపోయేది. మూడుసార్లు మార్చాను.