మడిచి పెట్టిన కళ్ళజోడు

2022 వేసవి. విజయనగరం నుంచి కొత్తవలస వెళ్ళే దారిలో, ఒకప్పుడు కల్యాణ మండపంగా కట్టిన రెండంతస్తుల భవనంలో మా నర్సింగ్ కేర్ హోమ్ నడిచేది. మంచం దిగలేనివాళ్ళు, దిగినా ఎక్కడికీ పోవడానికి లేనివాళ్ళు వంద మంది ఉండేవారు. అందరి ప్రాణాలూ నా చేతిలో ఉండేవి.

వంద అన్నానా? ముప్పై రెండు మంచాలు. అందులో నాలుగు ఎప్పుడూ ఖాళీయే. ప్రాణాలు డాక్టరుగారి చేతిలో, తాళాలు మేనేజర్ మేడమ్ చేతిలో, రిజిస్టర్లు నా చేతిలో. ఆసుపత్రుల్లో మేల్ నర్సుగా చేసి రిటైరయ్యాక అక్కడ సేఫ్టీ ఇన్‌చార్జిగా చేరాను. పేరు ఘనంగా ఉంది కదా! బాత్‌రూమ్ నేల తడిగా ఉందా, గోడకు కొట్టిన పట్టుకునే కమ్మీ ఊడుతోందా, పెద్దవాళ్ళ చెప్పులు కాలికి సరిపోతున్నాయా అని చూడటమే పని. "సెప్పుల సైజు సూసే ఉద్యోగమేటి బావా?" అని మా బావమరిది నవ్వేవాడు. సైజు మించిన చెప్పు ఎన్ని తుంట్లు విరగ్గొడుతుందో వాడికేం తెలుసు.

ఎవరైనా పడిపోతే పోస్ట్ ఫాల్ అబ్జర్వేషన్ అని ఒకటుంటుంది. తల లోపల తగిలిన దెబ్బ వెంటనే బయటపడదు. అందుకని మొదటి గంట పావుగంటకోసారి, ఆ తర్వాత మూడు గంటలు అరగంటకోసారి బీపీ, పల్స్ చూడాలి. కంటిపాపలు చూడాలి. నీ పేరేమిటి, నీ ఊరేమిటి అని అడిగి మాట తడబడుతోందేమో గమనించాలి. అంటే నాలుగు గంటలు ఒక మనిషి పక్కనే ఉన్నట్టు.

మేడ మీద పదిహేడో నంబరు మంచం సూరమ్మది. శ్రీముఖలింగం దగ్గర పల్లె, డెబ్బై ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు. మేనల్లుడు తెచ్చి చేర్పించాడు, పండక్కి ఫోన్ చేసేవాడు. గదిలో రెండో మంచం ఆవిడ ఫిబ్రవరిలో పోయింది, ఇంకెవరూ రాలేదు. పొద్దున్నే సూరమ్మ తన కాళ్ళతో వరండాలోకి నడిచి, దూరంగా పోయే గూడ్సు బండికి పెట్టెలు లెక్కపెట్టేది. నేను ఆమెను అప్పా అని పిలిచేవాణ్ణి, మా వైపు అక్కను అలాగే అంటాం. ఆమెకు నేను తమ్ముణ్ణి.

ఆ వేసవిలో ఒక్క నెలలోనే సూరమ్మ మూడుసార్లు పడింది. మూడుసార్లూ ఆయాలు భోజనానికి పోయిన మధ్యాహ్నమే. ఒంటి మీద గీత కూడా లేదు. నేను గదంతా శోధించి, పెద్ద పోలీసు ఆఫీసరులా ఒక్క చూపులో రహస్యం పట్టేశాను.

పట్టింది ఆయా గౌరి. "పడిపోయే మనిసి కళ్ళజోడు మడిసి బల్ల మీద ఎట్టి పడతాదేటి సారూ?" అంది. చూస్తే నిజమే. కళ్ళజోడు బల్ల మీద, పళ్ళసెట్టు డబ్బాలో, నేల మీద దుప్పటి కూడా పరిచి ఉంది.

అదే రోజు మేడమ్ పిలిచారు. "నెలలో మూడు ఫాల్స్. హై రిస్క్ అని రాసి నడుముకు బెల్టు పెడదామండి. ఇన్‌స్పెక్షన్ వస్తోంది, నాలుగోసారి పడితే నేను జవాబు చెప్పుకోలేను." బెల్టంటే మనిషిని కుర్చీకో మంచానికో కట్టి ఉంచేది. ఆ వయసులో రెండు నెలలు ఆగిన కాళ్ళు మళ్ళీ నడవవు. మేడమ్‌కూ తెలుసు, నాకూ తెలుసు.

నేను పైకి వెళ్ళాను.

"అప్పా, నిజం చెప్పు. పడ్డావా, దిగావా?"

"పడ్డానురా."

"నీకంటే ముందే కళ్ళజోడు దిగి, బుద్ధిగా మడుచుక్కూచుందేటి?"

బోసినోటితో నవ్వేసింది. "దొంగసచ్చినోడా, సూసీసినావా!"

"ఎందుకిలాగ?"

"ఊరికే కూకోమంటే కూకుంటావేటి? పనున్నాదంటావు. పడిపోనానంటే నాలుగు గంటలు కూకుంటావు. నీ ఊరేటని అడుగుతావు. నా ఊరేటని అడిగినోడు ఈ మేడ మీద ఇంకెవుడున్నాడో సెప్పు. వరినాట్లకెలితే ఎడం పక్కనొకర్తి, కుడి పక్కనొకర్తి ఉండీవోరు. ఒంటిగా మడిలో అడుగెట్టలేదురా తమ్ముడా."

రిపోర్టులో కారణం దగ్గర "వదులు చెప్పులు" అని రాశాను. కొత్త చెప్పులు తెప్పించాను. బెల్టు ఆగింది, ఇంకోసారి పడితే మాత్రం తప్పదన్నారు మేడమ్. సూరమ్మతో ఒప్పందం చేసుకున్నాను: ఆమె పడకూడదు, నేను రోజూ మూడింటికి బీపీ మిషన్ పట్టుకుని వెళ్ళి పావుగంట కూర్చోవాలి. పేరు, ఊరు అడగాలి. ఆమె రోజూ కొత్తగా చెప్పేది. వంశధార ఎంత వచ్చింది, ఏ మడి మునిగింది, ఎవరి ఎద్దు కొట్టుకుపోయింది. ఒక్కరోజు కూడా తప్పలేదు నేను.

తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడూ పదికి, పదిహేడో నంబరు బెల్లు మోగింది. చేతిలో పని పడేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మూడు నిమిషాల్లో సూరమ్మ దగ్గరున్నాను. రిజిస్టర్లో కూడా అలాగే రాశాను: బెల్లు 3.10, చేరినది 3.13.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

ఒక్కరోజూ తప్పలేదన్నది అబద్ధం. ఇన్‌స్పెక్షన్ ఫైళ్ళ హడావుడిలో వరసగా నాలుగు రోజులు మేడెక్కలేదు. ఆ మధ్యాహ్నం నేను రాస్తున్న ఫైలు ఏమిటంటే, బెల్లు మోగిన మూడు నిమిషాల్లో సిబ్బంది మంచం దగ్గర ఉండాలన్న నియమాన్ని మేమెంత బాగా పాటిస్తున్నామో చెప్పేది. అది రాస్తుండగానే బెల్లు మోగి, గోడ మీది బోర్డులో పదిహేడో నంబరు దీపం వెలిగింది. నా కళ్ళ ముందు సూరమ్మ కళ్ళజోడు మడుస్తున్న బొమ్మ కనిపించింది. "వేషాలు" అనుకున్నాను. దీపం మళ్ళీ వెలిగింది. పేజీ పూర్తిచేసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళాను. మూడున్నర.

కళ్ళజోడు నేల మీదుంది, ఒక అద్దం పగిలి. కుడికాలు బయటికి తిరిగి, రెండోదాని కంటే పొట్టిగా కనిపించింది. తుంటి విరిగితే అలాగే ఉంటుంది, ఎక్స్‌రే అక్కర్లేదు. బెల్లు తీగ ఆమె గుప్పిట్లో ఉంది. నేల మీదున్న చేతికి కూడా అందాలని పొడుగు తీగ పెట్టించింది నేనే.

"ఈపాలి జోడు తియ్యలేదురా తమ్ముడా," అంది. ఏడవలేదు. "రెండుసార్లు బెల్లు నొక్కినాను. నీకు పనుంటాదని మరి ఊరుకున్నాను."

ఆమెను అంబులెన్సులో ఎక్కించి వచ్చాక 3.13 అని రాశాను. మేడమ్ చూసి, "మూడు నిమిషాల్లోనే చేరుకున్నారు. అంటే మన లోపం లేదు, ఆవిడే నిలవట్లేదు. ఆపరేషనయ్యి వచ్చాక బెల్టు రాసెయ్యండి," అన్నారు. నేను కొట్టేసిన పదిహేడు నిమిషాలూ పోయి సూరమ్మ నడుముకు చుట్టుకోబోతున్నాయి.

మా రిజిస్టర్లకు ఒక నియమం ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లసిరా పుయ్యకూడదు. ఒక్క గీత గీసి, కింద తప్పు కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. మర్నాడు పొద్దున్న 3.13 మీద గీత గీసి 3.30 అని రాశాను. "సిబ్బంది ఆలస్యం" అని పక్కన రాశాను.

"రేపు ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని ఇదేమిటండీ!" అన్నారు మేడమ్. నేను రాజీనామా ఆవిడ మొహాన కొట్టాను. లేదు, కొట్టలేదు. వచ్చే ఒకటో తారీకు నుంచి రావద్దని ఆవిడే మర్యాదగా చెప్పారు, నేను తలూపాను.

తప్పు సిబ్బందిదని రిజిస్టర్లో ఉండగా బెల్టు మాత్రం ఎవరూ రాయలేదు. సూరమ్మ తిరిగొచ్చి, వాకర్ పట్టుకుని, మూడు నెలలకు మళ్ళీ వరండా దాకా నడిచింది. నేను గురువారాలు చూడటానికి వెళ్ళేవాణ్ణి. విజిటర్ల పుస్తకంలో బంధుత్వం అన్న గడిలో "తమ్ముడు" అని రాసేవాణ్ణి. ఆ గడిలో నేను రాసిన దానికి గీత పెట్టాల్సిన అవసరం రాలేదు. మరుసటి ఏడు వానాకాలంలో ఆమె పోయింది, నిద్రలో, తన మంచం మీదే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కేసు నేర్పింది ఇదే. మనిషి పడ్డాక ఎన్ని నిమిషాలకు చేరామో రాయడానికి మాకు గడి ఉంది. పడకముందు ఎన్ని రోజులు ఎవరూ వెళ్ళలేదో రాయడానికి లేదు. నేను ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు ఆ గడి గియ్యవలసింది, స్కేలూ పెన్సిలూ నా దగ్గరే ఉండేవి.

మా ఆవిడ పోయి ఆరేళ్ళు. మొన్న మధ్యాహ్నం మూడింటికి, ఎందుకో, కళ్ళజోడు తీసి మడిచి బల్ల మీద పెట్టి నేల వైపు చూశాను. దుప్పటి పరవడం కూడా అయింది. బీపీ మిషన్ పట్టుకుని నా ఊరేమిటని అడగడానికి ఎవరొస్తారని ఆలోచించాను. దుప్పటి మడిచేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను.