సూర్యుడికి అమ్మోరు

పెద్ద దుర్భిణీలో సూర్యుణ్ణి చూస్తే నా కనుబొమ్మలు కాలాయని ఊరంతా చెప్పుకున్నాను. అబద్ధం. రామేశ్వరం యాత్రలో మా బస్సు ఒక కొండ శిఖరం మీది వేధశాల దగ్గర ఆగింది. అందరినీ లోపలికి రానిచ్చారు గానీ, తెల్లకాగితం మీద పడ్డ సూర్యుడి బొమ్మను మాత్రమే చూపించారు. దాని మీద నల్లటి మచ్చలున్నాయి.

భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి మాతో వచ్చిన లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏంది బిడ్డా, దేవునికి అమ్మోరు పోసిందా?"

"అవ్ అవ్వా, ఎండలు గదా," అన్నాను నవ్వాపుకుంటూ.

ఆమె నవ్వలేదు. "ఇంటికాడ కోడలు బాలింత. అమ్మోరిని చూసినోళ్లం పసిగుడ్డు కాడికి ఎట్ల పోతం?"

"ఊరికే అన్న అవ్వా. ఆ మచ్చలు ఎప్పుడూ ఉండేటియే."

"గట్లయితే ఇంకా తగ్గలేదన్నట్టు."

తిరుగు దారంతా ఆమె ఒళ్లో వేపమండ పెట్టుకుని కూర్చుంది. సత్తుపల్లిలో నేను దిగుతుంటే ఒక రెమ్మ తుంచి ఇచ్చింది.

మా ఇంట్లోనూ కూతురు పురిటికి వచ్చి బాలింతగా ఉంది. చదువుకున్నవాణ్ణే, అయినా రెమ్మను గుమ్మానికి కట్టి, స్నానం చేశాకే మనవరాలి దగ్గరికి వెళ్లాను.

రెమ్మను చూసి నా భార్య కంగారుపడింది. "ఎవరికి పోసింది?"